ఖాళీ టాంకీ

మా జీపుకి జబ్బు చేసిందని మొట్టమొదట కనిపెట్టింది మెకానిక్కు కాదు, మా ఆవిడ.

"ఏమండీ, పోపులో పెట్రోలు వాసన వస్తోంది" అంది ఒకనాటి ఉదయం వంటింట్లోంచి.

"ఇంగువ మార్చావేమో చూడు" అన్నాను, పేపరు లోంచి తల ఎత్తకుండానే.

"ఇంగువకీ పెట్రోలుకీ తేడా తెలియకుండానే ఇన్నాళ్లు మీకు వండిపెట్టానా?" అని ఆవిడ స్టవ్ ఆపేసి, నన్ను లేవదీసి, వసారాలోకి తీసుకువెళ్లింది. వసారాకీ వంటింటికీ మధ్య వున్నది ఒక్క గోడ. ఆ వసారాలో మా జీపు. జీపు కింద పరచిన నాపరాయి మీద అరచేతి మేర తడి. వేలితో తాకి చూశాను. తాకినంతసేపు పట్టలేదు, వేలు ఆరిపోయింది. చల్లగా తగిలి చటుక్కున ఆరిపోయే తడి నీళ్లది కాదు, నూనెదీ కాదు.

మా మాచర్ల ప్రాంతంలో ఇళ్లన్నిటికీ నాపరాళ్లే. మట్టి నేల అయితే ఆ పెట్రోలు అంతా భూమిలోకి ఇంకిపోయి మాకు ఇంకో నెలదాకా తెలిసేది కాదు. ఆ నెలలో ఏ రోజున ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు వెన్నులో చలి పుడుతుంది.

మాది పాత జీపు. మా నాన్నగారు ఒక ప్రభుత్వ శాఖవారి వేలంలో కొన్నారు. అప్పటికే అది నాగార్జునసాగరం పనుల మీద తిరిగి తిరిగి అలసిపోయిన బండి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగరానికి శంకుస్థాపన చేసింది మొదలు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్లు వదిలేదాకా, మా పల్నాడు రోడ్ల మీద ఎటు చూసినా జీపులేనని నాన్నగారు చెప్పేవారు. రోడ్లన్నది మాటవరసకే, ఎండాకాలం మోకాలి లోతు దుమ్ము, వానాకాలం నల్లరేగడి బురద. ఎడ్లబండి దిగబడితే జీపు లాగేది, జీపు దిగబడితే ఎడ్లు లాగేవి.

జీపు పుట్టింది యుద్ధం కోసం. 1940లో అమెరికా సైన్యం అడగ్గా బాంటం అనే చిన్న కంపెనీ మొదటి నమూనా తయారుచేసింది. తరువాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా చేశాయి. మన దేశంలో 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ అనే పేరుతో మొదలైన కంపెనీ, 1947 నుంచి విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం ప్రారంభించింది. 1948లో దాని పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. మన ఊళ్లలో అందరూ ఎరిగిన ఎత్తు బొనెట్టు జీపు సీజే-3బీ అనే రకం. 1953లో అమెరికాలో వచ్చిన కొత్త ఇంజను మునుపటి దానికన్నా పొడుగు కావడంతో, దాన్ని మూయడానికి బొనెట్టును పైకి లేపవలసి వచ్చింది. అందం కోసం చేసింది కాదు. అయినా మా పిల్లలు దాన్ని "తలపాగా జీపు" అంటారు.

ఇన్ని సుగుణాలున్న బండికి ఒక చిత్రమైన ఏర్పాటు వుంది. దాని పెట్రోలు టాంకీ ముందు సీటు కిందనే వుంటుంది. సుమారు 40 లీటర్లు పడుతుంది. అంటే నడిపే మనిషి పెట్రోలు మీద దిండు వేసుకుని కూర్చుంటాడన్నమాట. యుద్ధంలో దిగిన జీపుకీ ఇంతే. బండిని వీలయినంత పొట్టిగా చేయాలన్న తొందరలో టాంకీకి ఇంకోచోట జాగా దొరికి వుండదు. నాన్నగారు నలభై యేళ్లు దాని మీదే కూర్చుని చుట్ట కాల్చారు. అది తలుచుకుని మా అమ్మ ఇప్పుడు దండం పెట్టుకుంటుంది, ఎవరికో నాకు తెలియదు.

సీటు ఎత్తి చూశాను. పైనుంచి టాంకీ బాగానే వుంది. కింద దూరి టార్చిలైటు వేస్తే కనిపించింది: అడుగు అంచున, రెండు రేకులు కలిపిన అతుకు దగ్గర, ఆవగింజంత బొట్టు. అది నెమ్మదిగా లావయి, జారి, కిందపడి, మళ్లీ ఇంకొకటి మొదలయింది.

మొదటి పని బండిని వసారాలోంచి తీయడం. స్టార్టు చేయలేదు. నేనూ మా పెద్దవాడూ తోసుకుంటూ పెరట్లో వేపచెట్టు కిందికి చేర్చాము. కారే చోట కింద ఇనప బేసిను పెట్టాము. వంటిల్లు ఆ పూటకి సెలవు. మధ్యాహ్నం అందరం హోటలు ఇడ్లీలు తిన్నాము.

* * *

ఇలాంటప్పుడు ఎవరికయినా తోచే ఉపాయం ఒక్కటే: మాటు వేయించడం. బిందెకి చిల్లి పడితే మాటు వేస్తారు, గంగాళానికి వేస్తారు, టాంకీకి ఎందుకు వేయరు? గురజాల నుంచి మా బావమరిది కూడా ఫోనులో అదే చెప్పాడు. "బావా, టాంకీ ఖాళీ చేసి, నీళ్లతో ఓ రెండు సార్లు కడిగి, వెల్డింగు షాపులో పెట్టించు. అరగంట పని. కొత్త టాంకీ ఎందుకు, దండగ."

నాకూ నిజమే అనిపించింది. బస్టాండు వెనక వెల్డింగు షాపు పెట్టుకున్న మేస్త్రీగారి దగ్గరికి వెళ్లాను. ఆయనకి డెబ్బయి దాటి వుంటాయి. ఇప్పుడు పని కొడుకులే చేస్తారు, ఆయన కుర్చీలో కూర్చుని చూస్తాడు.

"మేస్త్రీగారూ, జీపు టాంకీకి చిన్న చిల్లి. ఖాళీ చేసి తెస్తాను, ఓ అతుకు వేసిపెట్టాలి."

"నిండుగా తెచ్చినా ఇంత భయపడను అబ్బాయ్, ఖాళీగా తెస్తానంటున్నావే!" అన్నాడాయన.

వేళాకోళం అనుకున్నాను. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. మోచేతి నుంచి భుజందాకా చర్మం ముడతలుపడి, మెరుస్తూ వుంది.

"నాకప్పుడు ఇరవయి యేళ్లు. లారీ కంపెనీవాళ్లు ఖాళీ పీపా తెచ్చారు. ఆర్నెల్లు ఎండలో పడుందన్నారు. వాసన కూడా రాలే. మంట అట్టా ఆనించానో లేదో, పీపా మూత పోయి అవతలి గోడకి తగిలింది. నేను ఇవతలి గోడకి. అది మూత దిక్కున నిలబడక పోబట్టి నీతో మాట్లాడతన్నా. మీ నాన్న బండే గదా అది? కొత్త టాంకీ కొనుక్కో. నాకు మట్టుకు తేబాకు."

ఇంటికి వచ్చి ఆయన మాటే ఆలోచించాను. నిండు కుండ తొణకదన్నట్టు, నిండు టాంకీ పేలదా? ఇందులో వున్న రహస్యం మా పిల్లవాడి రసాయనశాస్త్రం పుస్తకం ముందు పెట్టుకుని లెక్క వేస్తేగాని నాకు బోధపడలేదు.

అసలు మండేది పెట్రోలు కాదు, పెట్రోలు ఆవిరి. అదయినా ఒంటరిగా మండదు, గాలి తోడు కావాలి. ఆ తోడు కూడా ఒక పాళ్లలో వుండాలి. నూరు పాళ్ల మిశ్రమంలో ఆవిరి సుమారు ఒకటిన్నర పాళ్ల కంటే తక్కువయితే అంటుకోదు. ఏడున్నర పాళ్లు దాటినా గాలి చాలక అంటుకోదు. మధ్యలో వున్నప్పుడే ప్రమాదం. నిండు టాంకీలో గాలికి చోటెక్కడిది? అందులో వున్న కాస్త జాగాలోనూ ఆవిరి కిక్కిరిసి వుంటుంది. దాని దగ్గర నిప్పు పెట్టవచ్చునని కాదు సుమండీ. బయట కారిన పెట్రోలు తన పని తాను చేస్తుంది. కాని లోపల పేలేందుకు మాత్రం ఖాళీ టాంకీయే అనువు.

మరి 40 లీటర్ల ఖాళీ టాంకీలో ఆ పాళ్లు రావడానికి ఎంత పెట్రోలు కావాలి? నేను రెండుసార్లు లెక్క వేశాను, నమ్మలేక మా వాడిచేత మూడోసారి వేయించాను. ఒక చెంచాడు చాలు. కాఫీలో పంచదార వేసుకునే చెంచాడు పెట్రోలు ఆవిరయితే టాంకీ అంతా మందుగుండు అవుతుంది. పాత టాంకీలో తుప్పు పొరల కింద, అతుకుల మడతల్లో, ఎంత కడిగినా చెంచాడు మిగలకుండా వుంటుందా? చల్లగా వున్నప్పుడు అది అక్కడే దాక్కుంటుంది. వాసన కూడా తెలియకపోవచ్చు. రేకు మీద మంట ఆనించగానే ఆ వేడికి బయటికి వస్తుంది. మేస్త్రీగారి పీపాలో జరిగింది అదే.

ఇటువంటి టాంకీలను బాగుచేసేవాళ్లు లేకపోలేదు. లోపలి గాలినంతా నైట్రోజను వంటి వాయువుతో తరిమివేసి, పరికరంతో పరీక్షించి, అప్పుడు పని మొదలుపెడతారు. అది దానికి తగ్గ షాపులో, అది తెలిసినవాళ్లు చేసే పని. పెరట్లో చేసేది కాదు. మా బావమరిదికి ఇదంతా చెబితే, "అయితే మా ఊళ్లో చాలామంది చేయిస్తున్నారు కదా బావా!" అన్నాడు. చేయిస్తున్నారు. చాలామందికి ఏమీ కాదు కూడా. మేస్త్రీగారు కూడా ఆనాటికి ముందు పది పీపాలు చేసి వుంటారు.

డీజిలు బండ్లతో అలవాటయినవాళ్లకి ఈ భయం బొత్తిగా తెలియదు. డీజిలు మామూలు వేడిలో అంటుకునేటంత ఆవిరినివ్వదు. పెట్రోలు అలా కాదు, సున్నాకి దిగువ నలభై డిగ్రీల చలిలో కూడా నిప్పందుకునేటంత ఆవిరి వదులుతుంది. ఇక మా వైపు ఎండల సంగతి చెప్పాలా? వేసవిలో రాష్ట్రమంతా ఎండ ఎంతో తెలుసుకోవాలంటే ముందు రెంటచింతల అంకె చూస్తారు. ఆ రెంటచింతల మాకు పక్కనే.

* * *

కొత్త టాంకీ కొనడానికి నిశ్చయమయింది. విజయవాడ ఆటోనగరులో దొరుకుతుందన్నారు. పాతదాన్ని వెంట తీసుకువెళ్లి పోల్చి కొనుక్కోవడం సులభమే, కాని పెట్రోలు టాంకీని బస్సులో ఎక్కించడం నేరం, పాపం కూడా. అంచేత మా ఆవిడ ఉపాయం చెప్పింది. జాకెట్టు గుడ్డకి కొలత తీసినట్టు తీయమంది. పాత క్యాలెండరు అట్టలు నాలుగు అతికించి, టాంకీ మీద పరచి, బోల్టు కన్నాలు, మూతి వున్న చోటు, మీటరు తీగ వెళ్లేచోటు అన్నీ పెన్సిలుతో గుర్తుపెట్టి కత్తిరించాము. పొడుగు, వెడల్పు, లోతు విడిగా రాసుకున్నాను.

ఆ అట్ట చుట్ట చంకలో పెట్టుకుని నరసరావుపేట మీదుగా విజయవాడ వెళ్లాను. మొదటి దుకాణంలో అట్ట చూసి నవ్వారు. "సీజే-3బీ కేగా సార్, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అని ఒక టాంకీ చేతిలో పెట్టారు. అట్ట వేసి చూస్తే మూతి రెండంగుళాలు పక్కకి వుంది. రెండో దుకాణంలో బోల్టు కన్నాలు కలవలేదు. మూడోచోట దొరికింది. యాభై అరవై యేళ్లలో ఆ జీపుకి ఎన్ని మార్పులు చేశారో, ఎవరెవరు ఎన్ని రకాలుగా టాంకీలు చేసి అమ్ముతున్నారో! పేరు చూసి కొంటే మోసపోతాం. అట్ట చూసి కొనాలి.

టాంకీతోపాటు కొత్త గొట్టాలు, క్లిప్పులు, మీటరు కింద వేసే గాస్కెట్టు, ఫిల్టరు కూడా తెచ్చాను. గొట్టాల దగ్గర ఒక మాట చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలు మా నాన్నగారి కాలంనాటిది కాదు. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు పాలు నూటికి ఇరవైకి చేరింది. ఇథనాలు అంటే సారాయికి అన్న వరస, గాలిలోని తేమను పీలుస్తుంది. పాత టాంకీల్లో అణగి వున్న తుప్పును కదిలిస్తుంది. పాత రబ్బరును మెత్తబరచి, చివికిస్తుంది. అంచేత ఇథనాలును తట్టుకునే గొట్టాలని అడిగి మరీ తీసుకోవాలి. మామూలు నీళ్ల గొట్టం ముక్క కోసి తగిలించే ప్రబుద్ధులు కూడా వున్నారు. వాళ్ల సంగతి రాయను.

పనికి తెల్లవారుజామున అయిదింటికి దిగాము. గురజాల నుంచి బావమరిది ముందురోజు రాత్రే వచ్చాడు. ఎండెక్కక ముందే పెట్రోలు తీసేయాలన్నది నా ఆదుర్దా. జీపు ఇంటికి ముప్పయి అడుగుల దూరంలో వుంది. అయినా మా ఆవిడ ఆ పూట స్టవ్ వెలిగించనంది. నిజానికి ఆ జాగ్రత్త మంచిదే. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పొగలాగా పైకి పోదు, నీళ్లలాగా నేలబారున పాకుతుంది. పల్లంగా వున్నవైపుకి నడిచి, గడప దాటి, పొయ్యి కనిపిస్తే అక్కడ అంటుకుని, వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. మంట పెట్టిన మనిషి దూరంగా వున్నానని ధీమాగా వుంటాడు. కాబట్టి అగ్గిపెట్టెలు, సెల్‌ఫోనులు, వైరు లాంతరు అన్నీ ఇంట్లోనే వదిలాము. రెండు బొక్కెన్ల ఇసక, ఒక నిప్పు ఆర్పే సిలిండరు చెట్టు దగ్గర పెట్టుకున్నాము. నీళ్లు పనికిరావు, పెట్రోలు నీళ్ల మీద తేలి ఇంకా దూరం మండుతుంది.

ముందుగా బ్యాటరీ తీగలు విప్పాము. మొదట నెగటివ్ తీగ, తరువాత రెండోది. తరువాత పెట్రోలు తోడడం. ఇక్కడ మా బావమరిది ఒక ఘనకార్యానికి సిద్ధపడ్డాడు. గొట్టం ఒక కొస టాంకీలో వేసి, రెండోది నోట్లో పెట్టుకోబోయాడు. వాళ్ల ఊళ్లో అందరూ అలాగే లాగుతారట. లాగేసుకున్నాను. గుక్కెడు పెట్రోలు కడుపులోకి పోవడంకన్నా, కొంచెం ఊపిరితిత్తుల్లోకి పోవడం పెద్ద ప్రమాదం. అది ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భాలు డాక్టర్లందరికీ తెలుసు. చేతితో నొక్కే రబ్బరు పంపు అగ్గువకి దొరుకుతుంది. దానితో పదకొండు లీటర్లు ఇనప క్యానులోకి తోడాము. క్యానును నేలమీద ఆనించి వుంచాలి, చేత్తో వేలాడదీస్తే ఘర్షణ వల్ల విద్యుత్తు పుట్టి రవ్వ లేవవచ్చు. 1934 నాటి పెట్రోలియం చట్టం అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా వుంచుకోనిస్తుంది, ఇనప డబ్బా 25 లీటర్లు మించకూడదు. మేము ఆ లెక్కలోనే వున్నాము. మిగిలిన అడుగు పెట్రోలు కింది మర ఊడదీసి బేసినులోకి దింపాము. ఎర్రటి మట్టినీళ్లలాగా వచ్చింది.

ఇహ విప్పడం. సీటు తీయడం అయిదు నిమిషాలు. మూతి గొట్టం క్లిప్పు, ఇంజనుకు వెళ్లే పైపు, మీటరు తీగ. అంతవరకు ఆటలాగా సాగింది. టాంకీని పట్టుకుని వున్న బోల్టుల దగ్గర ఆట ఆగిపోయింది. అరవయి యేళ్ల తుప్పు! ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె పోసి నానబెట్టాను. రెండు వదిలాయి. మూడోది తల విరిగింది. నాలుగోది కదలనంటే కదలనంది. గ్రైండరు తెస్తే క్షణంలో పని. మా బావమరిది రెండుసార్లు దాని పేరు ఎత్తాడు. రెండుసార్లూ నేనేమీ అనలేదు, మేస్త్రీగారి చెయ్యి ఎలా వుందో చెప్పాను. నూనె పోయడం, పానా వేయడం, కొంచెం బిగించడం, కొంచెం వదలడం, మళ్లీ నూనె. గంటం పావు పట్టింది. మరి కాసేపటికి మా అమ్మ వచ్చి, "ఇంకా కాలేదా?" అని అడిగి వెళ్లగానే అది తిరిగింది. అమ్మ గొప్పదనమో, నూనె గొప్పదనమో!

టాంకీ పైకి ఎత్తాక అసలు దొంగ దొరికాడు. టాంకీకీ బాడీ రేకుకీ మధ్య రాపిడి లేకుండా కంబళిపట్టీలు వేసివున్నాయి. శబ్దం రాకుండా వేసిన ఆ మెత్తని పట్టీలే ఇన్నేళ్లుగా వానా, బురదా, కడిగిన నీళ్లూ తాగి, రేకుని ఆనుకుని, తడిగుడ్డలాగా కూర్చున్నాయి. పట్టీ వున్నంత మేరా రేకు తిని పారేసింది. పట్టీ లేనిచోట నాన్నగారు వేయించిన రంగు కూడా చెక్కుచెదరలేదు. మిరప చేల దుమ్ము గుప్పెడు రాలింది. మా బావమరిది వేలితో నొక్కితే అతుకు దగ్గర రేకు అప్పడంలాగా చితికింది. దీనికి మాటు వేయించి వుంటే, మేస్త్రీగారిని దేవుడు కాపాడినా, మాటు పక్కన ఇంకో చిల్లి మరుసటి నెలలోనే పడేది.

కొత్త టాంకీని ఎక్కించే ముందు పరీక్షించాము. కన్నాలన్నీ మూసి, సైకిలు పంపుతో ఒకటి రెండు సార్లు మెల్లిగా గాలి కొట్టి, అతుకుల వెంట సబ్బునీళ్లు పూశాము. బుడగ రాలేదు. పంక్చరు షాపు కంప్రెసరుతో గాలి కొట్టించకూడదు, పలచని రేకు ఉబ్బిపోతుంది. నీళ్లు నింపి చూడటం కూడా నాకిష్టం లేదు. లోపల మిగిలిన తడి, ఇథనాలు, రెండూ కలిస్తే మళ్లీ తుప్పు కథ మొదలు. కంబళిపట్టీల బదులు నీరు తాగని రబ్బరు పట్టీలు వేశాము. పాత టాంకీలోంచి తీసిన మీటరు ఫ్లోటును అయిదు చిన్న స్క్రూలతో కొత్తదానికి బిగించాము. గొట్టాలు తగిలించి, అన్నీ బిగించేసరికి పదకొండయింది. ఎండ నెత్తికెక్కింది.

తోడిన పెట్రోలు మళ్లీ పోయలేదు, ఆ ఎర్రనీళ్లు చూశాక మనసొప్పలేదు. కొత్త పెట్రోలు రెండు లీటర్లే పోసి, ప్రతి అతుకు కిందా తెల్లకాగితం పరిచి గంటసేపు వదిలాము. కాగితాలు పొడిగా వున్నాయి. బ్యాటరీ తగిలించాము. స్టార్టరు మూడు నాలుగు దఫాలు తిప్పితేగాని ఖాళీ గొట్టాల్లోంచి పెట్రోలు ఇంజనుదాకా రాలేదు. వచ్చాక నాన్నగారి నాటి చప్పుడే చేసింది.

కాని మీటరు ముల్లు లేవలేదు. పది లీటర్లు పోశాము, ముల్లు కదల్లేదు. మీటరు పోయిందని మా బావమరిది తీర్పు చెప్పాడు. పోలేదు. ఫ్లోటుకి ఒక తీగే వుంటుంది. కరెంటు తిరిగి వెళ్లే దారి టాంకీ రేకే. కొత్త టాంకీకి నిండా రంగు, కింద రబ్బరు. దారి మూసుకుపోయింది. ఫ్లోటు స్క్రూ నుంచి చాసిసుకి ఒక ముక్క తీగ వేయాలి. మళ్లీ బ్యాటరీ విప్పి, తీగ వేసి, బ్యాటరీ తగిలించగానే ముల్లు లేచి నిలబడింది. ఈ చిన్న సంగతి తెలియక మంచి మీటర్లు మార్చినవాళ్లు ఎందరో!

సాయంత్రం చల్లబడ్డాక ఎత్తిపోతల దాకా వెళ్లివద్దామని పిల్లలు ఎక్కారు. నాలుగు మైళ్లు పోయాక ఇంజను దగ్గి ఆగిపోయింది. కాసేపు ఆగితే స్టార్టయింది, మళ్లీ రెండు మైళ్లకి ఆగింది. మా వైపు వేసవిలో ఇలా జరిగితే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ చుడతారు. వేడికి గొట్టంలోని పెట్రోలు ఆవిరి కట్టి దారి అడ్డుకుంటుంది కనుక. గుడ్డ చుట్టాము, లాభం లేకపోయింది. టాంకీ మూత విప్పేసరికి "స్" మని గాలి లోపలికి పీల్చుకుంది. అదీ సంగతి! కొత్త మూతకి ఊపిరి కన్నం మూసుకుని వుంది. పెట్రోలు తగ్గినకొద్దీ లోపలికి గాలి రావాలి, రాకపోతే పంపు లాగలేదు. నాన్నగారి నాటి పాత మూత సీటు కింద డబ్బాలో వుండబట్టి బతికిపోయాము. పిల్లలు జలపాతం చూశారు. తిరిగి వచ్చేసరికి చీకటి పడింది.

ఇహ మిగిలింది పాత టాంకీ. అది ఏ చిల్లులు పడ్డ వస్తువులోనూ లేనంత గిరాకీతో మా పెరట్లో పడి వుంది. పశువులకి కుడితి తొట్టి చేసుకుంటానని పాలవాడు అడిగాడు. సగానికి కోయించి బంతిమొక్కలు వేద్దామని మా ఆవిడ అంది. ఇద్దరికీ కోయించడమే కావాలి. కోసేవాడు ఎవరు? ఏ షాపులోనో పద్దెనిమిదేళ్ల కుర్రవాడు. "ఇందులో ఏముంది, ఖాళీ డబ్బాయే గదా" అంటాడు, మంట ఆనిస్తాడు.

చిల్లికి ఒక రబ్బరు బిరడా కొట్టి, మూతిదాకా నీళ్లు నింపి చెట్టు కింద వుంచాము. పాత ఇనప సామాను కొనేవాడు మూడోనాడు రిక్షా తెచ్చాడు. నీళ్లు పారబోసి బరువు తూచుకుంటానన్నాడు. "తూచుకో, మళ్లీ నీళ్లు పోసే తీసుకుపో" అన్నాను. బరువు ఎవరు లాగుతారని అతను గొణిగాడు. పది రూపాయలు ఎక్కువిచ్చాను, అతను నాకివ్వవలసింది పోగా. ఈలోగా మా పెద్దవాడు తెల్లరంగు డబ్బా తెచ్చి, టాంకీ రెండు వైపులా పెద్ద అక్షరాలతో రాశాడు: "పెట్రోలు టాంకీ. నిప్పు పెట్టవద్దు." రెండోవైపు చోటు చాలక "వద్దు" అన్న మాట కింద వరసలో పడింది. మా అమ్మ చూసి, "ఒరే, ముందర అది సరిచేయరా, దూరం నుంచి చదివితే నిప్పు పెట్టమన్నట్టుంది" అంది. వాడు మళ్లీ రంగు ముంచి, ఆ "వద్దు"ని మిగతా అక్షరాలకన్నా రెండింతలు చేశాడు. రంగు ఆరేదాకా రిక్షావాడు మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు.